పైలట్ శిక్షణ: ముందుగా కట్టే సొమ్ముకు కాపలా ఎవరు?

కిందటి నెల రాజోలు నుంచి ఒక సోదరుడు అమలాపురం వచ్చి, ఒక రంగుల కరపత్రం నా ముందు పెట్టాడు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివిన కుమార్తెకు పైలట్ కావాలని కోరిక. కువైట్‌లో పన్నెండేళ్లు డ్రైవరుగా పనిచేసి కూడబెట్టిన సొమ్ముకు, ఉన్న కొబ్బరితోట అమ్మిన సొమ్ము కలిపితే రుసుము సరిపోతుంది. ఈ వారంలోగా మొత్తం ఒకేసారి కడితే మూడు లక్షలు తగ్గిస్తామని శిక్షణ సంస్థ తరఫు మనిషి ఫోనులో చెప్పాడట. "తోట బేరం రేపు కుదురుతుంది. కట్టేయమంటారా అన్నా?" అని అడిగాడు.

ఆ రోజు ఆయనకు చెప్పినదే కొంచెం విస్తరించి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆ అమ్మాయి కోరిక ఎంతమాత్రం అత్యాశ కాదు. హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా ఒక బేకరీ కార్మికుని కుమార్తె. 2007లో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరి కమర్షియల్ పైలట్ లైసెన్సు సాధించారు. అయితే లైసెన్సు వచ్చాక కూడా ఆమె దారి డబ్బు దగ్గరే ఆగింది. పెద్ద విమానం నడిపేందుకు కావలసిన తదుపరి శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం 30 లక్షలకు పైగా మంజూరు చేశాకే ఆమె ముందుకు సాగగలిగారు. లైసెన్సు వరకే 40 లక్షలు దాటే ఈ చదువులో, ఒక్కొక్క విమాన రకానికి వేరుగా చేయవలసిన 'టైప్ రేటింగ్' ఖర్చు సాధారణంగా కరపత్రంలో కనిపించదు. తోట మొత్తం మొదటి మెట్టుకే ఖర్చయితే రెండో మెట్టుకు ఏం మిగులుతుంది?

ఈ చదువులో తల్లిదండ్రులు కొనేది గంటలు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరి ఉండాలి. దీన్ని కోనసీమవారికి వివరించడం తేలిక. కొబ్బరి దింపు తీయించి, కాయలు రాశి పోసి, లెక్కపెట్టాకే కదా మనం డబ్బు మాట్లాడతాం! చెట్టు మీది కాయకు అంబాజీపేట వ్యాపారి పూర్తి ధర ఇస్తాడా? మరి ఇంకా ఎగరని గంటలకు మనం తోటనే ఎందుకు ఇచ్చేస్తున్నాం?

దైవప్రవక్త (స) మదీనా వచ్చినప్పుడు అక్కడివారు ఖర్జూర పంటకు ఏడాది, రెండేళ్లు ముందుగానే సొమ్ము చెల్లించేవారు. ఆయన దాన్ని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు ముందే నిర్ణయమై ఉండాలన్నారు. ఖుర్‌ఆన్‌లో అతి పొడవైన ఆయత్, అల్ బఖరా 282, లావాదేవీని రాసుకోవడం గురించి, సాక్షుల గురించి చెప్పేదే. శిక్షణ అనేది సేవ. సేవకు ప్రతిఫలాన్ని విడతలుగా చెల్లించడానికి షరీఅత్‌లో అడ్డేమీ లేదు.

మన ఇళ్లలో మరొక ప్రత్యేక పరిస్థితి ఉంది. విద్యారుణం తీసుకుంటే బ్యాంకు ఆ సంస్థ గుర్తింపును పరిశీలిస్తుంది. రుసుమును సంస్థ ఖాతాకే, విడతలవారీగా పంపుతుంది. వడ్డీకి దూరంగా ఉండదలచి సొంత సొమ్ము కట్టే కుటుంబానికి ఆ కాపలా ఉండదు. హరామ్ నుంచి తప్పుకున్నాం, సంతోషం. కాని బ్యాంకు చేసే తనిఖీ ఇక మన మెడ మీదే పడుతుంది.

ఆ తనిఖీ లేకపోతే ఏమవుతుందో అమెరికాలో జరిగింది చూడండి. లాస్ వెగాస్ కేంద్రంగా నడిచిన సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద శిక్షణ సంస్థ 2008 ఫిబ్రవరి 3న హఠాత్తుగా మూతపడి దివాలా తీసింది. శిక్షణ సగంలో ఉన్న విద్యార్థులు రెండువేలకు పైమాటే. ఒక్కొక్కరు డెబ్బై వేల డాలర్ల దాకా అప్పుచేసి ముందే కట్టారు. అక్కడ అప్పిచ్చినవారు కూడా జాగ్రత్త పడలేదు. స్కాట్లాండ్‌లోని డండీలో టేసైడ్ ఏవియేషన్ కూడా 2023 ఏప్రిల్‌లో ఇలాగే కుప్పకూలింది. ఆ సంస్థలు దొంగ సంస్థలేమీ కావు. నిజమైన విమానాలు, నిజమైన గురువులు ఉన్నవే. కాబట్టి 'పేరున్న సంస్థ' అన్న మాట ఒక్కటే హామీ కాదు.

సంస్థ మూతపడకపోయినా, ఆలస్యం వల్ల ఇల్లు గుల్లవుతుంది. వంద మంది విద్యార్థులకు 200 గంటల చొప్పున 20,000 గంటలు కావాలి. ఎగరగల విమానాలు ఐదే ఉండి, ఒక్కొక్కటి ఏడాదిలో 300 రోజులు, రోజుకు మూడు గంటలు తిరిగినా వచ్చేది 4,500 గంటలు. పద్దెనిమిది నెలల చదువు నాలుగేళ్లు దాటుతుంది. హాస్టలు ఖర్చు మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటుంది. అందుచేత సంస్థకు స్వయంగా వెళ్లి, ఈ రోజు ఎగురుతున్న విమానాలెన్ని, షెడ్డులో ఉన్నవెన్ని, విద్యార్థులెందరు అని అడగాలి. భోజనశాలలో ఇద్దరు పాత విద్యార్థుల పక్కన కూర్చుంటే కరపత్రం చెప్పనివన్నీ తెలుస్తాయి. సంస్థకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, అనుమతి అమలులో ఉందో లేదో ఆ శాఖ ప్రకటించే జాబితాలో చూసుకోవాలి.

ఇక ఒప్పందం. ప్రవేశ రుసుము పోను మిగిలిన సొమ్మును ఎనిమిది భాగాలు చేసి, ప్రతి 25 గంటలకు ఒక భాగం కడతామని కోరండి. కొన్ని సంస్థలు తేదీల ప్రకారం వాయిదాలు పెడతాయి. తేదీ వస్తుంది గాని గంటలు రావు. మధ్యలో మానుకుంటే, లేదా సంస్థ అనుమతి రద్దయితే ఎగరని గంటల సొమ్ము ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో స్పష్టంగా రాయించుకోవాలి. సొమ్ము సంస్థ పేరిట ఉన్న ఖాతాకే పంపాలి, మధ్యవర్తి ఖాతాకు కాదు. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన మన ప్రాంతానికి ఈ మాట వేరే చెప్పనక్కర లేదు. ప్రతి ప్రయాణం తరువాత లాగ్‌బుక్‌లో గురువు సంతకం చేయించి, ఆ పుట ఫోటో ఇంటికి పంపమనండి. అందులో ఎగరని గంట ఒక్కటి కూడా ఉండకూడదు. 2011లో రాజస్థాన్‌లో ఎగరని గంటలు రాయించుకున్న పైలట్లు అరెస్టయ్యారు.

నష్టపోతే వినియోగదారుల కమిషన్ ఉంది కదా అని కొందరంటారు. విద్యాసంస్థలు ఆ చట్టం కిందికి వస్తాయా అన్న దానిపై తీర్పులు ఒకే దారిలో లేవు. ఆ ఆశతో సొమ్ము వదలకండి.

అన్నిటికన్నా ముందు చేయవలసిన దాన్ని చివరికి చెబుతున్నాను, మన్నించండి. డీజీసీఏ గుర్తించిన వైద్యుల వద్ద క్లాస్ 2, ఆపైన క్లాస్ 1 వైద్యపరీక్ష పూర్తి కావాలి. క్లాస్ 1 లేకుంటే కమర్షియల్ లైసెన్సు రాదు. తోట అమ్మాక కంటిలోనో గుండెలోనో లోపం బయటపడితే ఆ ఇల్లు ఏమైపోవాలి?

ఆ సోదరుడు ఇంటికి వెళ్లి, గంటల వారీగా కడతానని ఫోనులో చెప్పాడు. 'అలా కుదరదు, వారం గడువు దాటితే తగ్గింపు పోతుంది' అని సమాధానం వచ్చిందట. పోనివ్వమన్నాను. తోట బేరం ప్రస్తుతానికి ఆగింది. అమ్మాయి క్లాస్ 2 పరీక్షకు తేదీ తీసుకుంది.