జంటస్వరాల సంగీతం: స్టీరియోలాబ్ నూతన గీతసంపుటి

పాశ్చాత్య సంగీతమనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి డ్రమ్ముల మోత, వేదికపై గంతులు, అర్థం కాని కేకలు మాత్రమే స్ఫురిస్తాయి. ఆ అభిప్రాయం పూర్తిగా నిరాధారమని నేననను. కాని జనరంజకమైన పాట రూపాన్ని విడువకుండానే దాని లోపలి నిర్మాణంపై జీవితకాలం ప్రయోగాలు చేసిన బృందాలు కూడా అక్కడ ఉన్నాయి. లండన్ నగరంలో పుట్టిన స్టీరియోలాబ్ అటువంటిది. 2010 తర్వాత పదిహేనేళ్లపాటు కొత్త ఆల్బమ్ వెలువరించని ఈ బృందం 2025 మే 23న ‘ఇన్‌స్టంట్ హోలోగ్రామ్స్ ఆన్ మెటల్ ఫిల్మ్’ అనే పేరుతో పదమూడు రచనల సంపుటిని విడుదల చేసింది. ఇంత దీర్ఘ విరామం తర్వాత వచ్చినదానిని పాత కీర్తికి పునర్ముద్రణగా భావించి పక్కన పెట్టడం సులభం. అలా పెట్టరాదని నా అభిప్రాయం. కారణం చెప్పాలంటే ముందు ఈ బృందం పాట కట్టే పద్ధతిని వివరించవలసి ఉంటుంది.

1990లో టిమ్ గేన్ అనే ఆంగ్ల గిటారు వాద్యకుడు, లెటీషియా సాదియే అనే ఫ్రెంచి గాయని కలిసి ఈ బృందాన్ని ప్రారంభించారు. బృందానికి పెట్టుకున్న పేరు కూడా విచిత్రమైనదే. అమెరికాలోని వాన్‌గార్డ్ రికార్డు కంపెనీ ఒకప్పుడు తన స్టీరియో రికార్డుల విభాగానికి పెట్టుకున్న పేరు అది. ఇతరులు అటకెక్కించిన ఫార్ఫీసా ఆర్గాన్లను, మూగ్ సింథసైజర్లను వీరు దుమ్ము దులిపి వాడుకలోకి తెచ్చారు. తాళగతిని 1970ల ఆరంభంలో జర్మనీలో వెలసిన ‘నోయ్!’ బృందం నుండి గ్రహించారు. దీనిని ‘మోటొరిక్’ అంటారు. నాలుగు మాత్రల నడక. ఆగదు, తొందరపడదు, అలంకారాలకు పోదు. రాత్రివేళ తిన్ననైన రహదారిపై సాగిపోయే వాహనం వంటిది. ఆ నడకపై గిటారు, ఆర్గాన్ ఒకటి రెండు స్వరసమూహాలనే మరల మరల పలికిస్తూ ఉంటాయి. 1993లో వచ్చిన ‘జెన్నీ ఆండియోలిన్’ అనే పాట ఈ విధంగా పద్దెనిమిది నిమిషాలు సాగుతుంది.

ఇది పునరుక్తి దోషం కాదా అని అలంకారశాస్త్రం చదివిన విద్యార్థి అడుగవచ్చు. పద్యంలో పునరుక్తి దోషమే. కాని తంబురా శ్రుతిని దోషమని ఎవరంటారు? శ్రుతి మారదు గనుకనే దానిపై పలికే స్వరంలోని స్వల్పమైన కదలిక సైతం మనకు వినిపిస్తుంది. స్టీరియోలాబ్ పాటలోనూ అంతే. మార్పు కోసం ఎదురుచూడడం మానుకున్న చెవికి, ఆర్గాన్ ధ్వనిలోని చిన్న వణుకు కూడా ఒక సంఘటనగా తోస్తుంది.

ఆ శ్రుతిపై పలికిన స్వరాలు రెండు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుండి వచ్చిన మేరీ హాన్సెన్ 1992లో బృందంలో చేరింది. సాదియే గొంతు గంభీరమైనది, కొంత ఉదాసీనమైనది; వార్త చదివినట్లు నిలకడగా పాడుతుంది. హాన్సెన్ గొంతు తేలికైనది. ఒకరు వాక్యం పాడుతుంటే మరొకరు అర్థంలేని అక్షరాలతో దాని చుట్టూ అల్లుకుంటారు. లేక ఒకరి పాదం ముగియకముందే రెండవవారు అందుకుంటారు. ఎవరు ప్రధాన గాయని, ఎవరు వంతపాట అన్న విభజన కొన్నిచోట్ల పూర్తిగా చెరిగిపోతుంది. 1996 నాటి ‘ఎంపరర్ టొమాటో కెచప్’ ఆల్బమ్‌లో ఈ పద్ధతి పరిణతి పొందింది.

ఇంత సుకుమారంగా పాడినవి ప్రేమగీతాలు కావు. 1994 నాటి ‘పింగ్ పాంగ్’ పాట విషయం పెట్టుబడిదారీ వ్యవస్థలోని సంక్షోభ చక్రం: మాంద్యం, యుద్ధం, కోలుకోవడం, మరల మాంద్యం. అర్థశాస్త్ర ఉపన్యాసానికి తగిన ఈ విషయాన్ని పిల్లల పాట వంటి బాణీలో ఫ్రెంచి గాయని ఆంగ్లంలో నవ్వుతున్నట్లు పాడుతుంది. బాణీ కూడా చక్రంలాగే తిరుగుతుంది. నినాదం పాటను మింగివేయకుండా రాజకీయ కవిత్వం ఎలా చెప్పవచ్చునో తెలుసుకోగోరేవారు ఈ ఒక్క పాటను శ్రద్ధగా వింటే చాలు.

2002 డిసెంబరు 9న లండన్‌లో సైకిలుపై వెళుతున్న మేరీ హాన్సెన్ లారీ ఢీకొని మరణించింది. ఆమె వయస్సు 36 సంవత్సరాలు. రెండు గొంతుల నేతగా ఉన్న సంగీతంలో ఒక పోగు తెగిపోయింది. బృందం 2004లో ‘మార్జరీన్ ఎక్లిప్స్’ వెలువరించింది. అందులో ఎడమ చెవికి ఒక సంపూర్ణ రచన, కుడి చెవికి మరొక సంపూర్ణ రచన వేర్వేరుగా కూర్చి జతచేశారు. (ఎడమ నుండి తెలుగు, కుడి నుండి ఉర్దూ మొదలై మధ్యలో కలుసుకునే మన సంచికల పాఠకులకు ఈ ఏర్పాటు వింతగా తోచదు.) 2009లో బృందం విరామం ప్రకటించింది. 2010 నాటి ‘నాట్ మ్యూజిక్’ అంతకుముందే రికార్డు చేసి ఉంచిన సామగ్రి నుండి వచ్చినదే. 2019లో వేదికలపైకి తిరిగి వచ్చినా కొత్త పాటలకు మరి ఆరేళ్లు పట్టింది.

కొత్త సంపుటిలో నన్ను ఆకర్షించినది ఈ ఖాళీని గూర్చి వారు తీసుకున్న నిర్ణయం. హాన్సెన్ స్థానంలో ఏదో ఒక్క గొంతునే నిలపలేదు. బాస్ గిటారు వాయించే జేవియర్ మున్యోస్, కీబోర్డు వాయించే జో వాట్సన్ పురుష స్వరాలతో సాదియేకు బదులు పలుకుతారు. ఒకప్పుడు ఒక వ్యక్తి నిర్వహించిన పని ఇప్పుడు పలువురికి పంచబడింది. మధ్యమధ్య బెన్ లామార్ గే కార్నెట్ వాద్యం సైతం ఆ బాధ్యతను అందుకుంటుంది. నేత మారింది గాని దాచిపెట్టబడలేదు. పాత పాటలు ఎరిగినవారికి ఆ తేడా తెలుస్తూనే ఉంటుంది.

సంపుటిలో ఉత్తమమైనది ‘మెలడీ ఈజ్ ఎ వూండ్’. సత్యం తెలుసుకునే ప్రజల హక్కును అధికారం ఎలా మొద్దుబారుస్తుందో చెప్పే ఈ పాట, మాటలు ముగిసిన తర్వాత వేగం పుంజుకొని కేవలం వాద్యసంగీతంగా మారిపోతుంది. చెప్పవలసినది చెప్పి గాయని తప్పుకొంటే, ఆలోచించవలసిన భారమంతా శ్రోతపై పడుతుంది. మరొక రచన పేరులోని ‘ఎసెంప్లాస్టిక్’ అనే పదం ఆంగ్లకవి కోల్‌రిడ్జ్ 1817 నాటి తన ‘బయోగ్రఫియా లిటరేరియా’లో కల్పనాశక్తిని వర్ణించడానికి సృష్టించినది. భిన్నమైనవాటిని ఒకటిగా మలిచేది అని దాని భావం. ఆంగ్ల సాహిత్య విద్యార్థులు పరీక్ష కోసం కంఠస్థం చేసే మాట ఒక పాప్ పాటకు శీర్షిక కావడం నాకు ముచ్చట గొలిపింది.

లోపాలు లేకపోలేదు. మాటలు లేని కొన్ని రచనలు పూర్వపు వాటినే గుర్తుకు తెస్తాయి. సాదియే పదజాలం ఒక్కొక్కచోట పాటగా కరగక వ్యాసంగానే మిగిలిపోతుంది. ఈ బృందాన్ని ఎన్నడూ విననివారు నేరుగా ఈ సంపుటితో ప్రారంభించడం మంచిది కాదు. ముందుగా ‘పింగ్ పాంగ్’, తర్వాత ‘ఎంపరర్ టొమాటో కెచప్’ ఆల్బమ్ మొత్తం విని, రెండు గొంతులనూ వేర్వేరుగా గుర్తుపట్టడం అలవాటు చేసుకొని, అప్పుడు దీని వద్దకు రావాలి. ‘మార్జరీన్ ఎక్లిప్స్’ను మాత్రం తప్పక హెడ్‌ఫోనుతోనే వినాలి, అదీ ఒకసారి ఎడమవైపు మాత్రమే, ఒకసారి కుడివైపు మాత్రమే, చివరకు రెండూ కలిపి.