ల్యాప్‌టాప్: ఇప్పుడే కొనాలా, కొత్తది వచ్చేదాకా ఆగాలా?

మరికొన్ని నెలలు ఆగితే ఇదే ధరకు ఇంతకంటే మంచిది వస్తుంది. ల్యాప్‌టాప్ కొనబోయేవారికి తెలిసినవారు తరచు ఇచ్చే సలహా ఇది. దశాబ్దాల పాటు ఈ సలహా నిజమవుతూనే వచ్చింది. ఒక చిప్‌పై అమర్చగల ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటా రెట్టింపవుతుందని గోర్డన్ మూర్ 1965లో అంచనా వేశారు. 1975లో ఆ గడువును రెండేళ్లకు సవరించారు. ఆ లెక్క ప్రకారం కంప్యూటర్ల విషయంలో ఓర్పు గలవారిదే లాభం. 2025 చివరి నెలల నుంచి మాత్రం ఆ లెక్క తారుమారైంది. మెమరీ చిప్‌ల ధరలు పెరుగుతున్నాయి, రూపాయి బలహీనపడింది, కోట్లాది పాత కంప్యూటర్లలో ఉన్న విండోస్ 10కు మద్దతు ముగిసింది. ఆగినందుకు కూడా మూల్యం చెల్లించవలసిన పరిస్థితి ఏర్పడింది.

ఇందులో ప్రధానమైనది మెమరీ కొరత. కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు సమాచారాన్ని అందుబాటులో ఉంచే ర్యామ్‌కు డీర్యామ్ అనే చిప్‌లు కావాలి. ప్రపంచంలో వీటిలో అత్యధిక భాగాన్ని మూడే సంస్థలు తయారు చేస్తున్నాయి. దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న డేటా కేంద్రాలు ఇప్పుడు ఈ మూడింటి తలుపే తడుతున్నాయి. ఆ కేంద్రాల్లోని ప్రాసెసర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ అవసరం. డీర్యామ్ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి దీనిని రూపొందిస్తారు. అంతే సామర్థ్యం గల సాధారణ డీడీఆర్5 మెమరీతో పోలిస్తే దీనికి సుమారు మూడింతల సిలికాన్ ఖర్చవుతుందని మైక్రాన్ స్వయంగా పేర్కొంది. అంటే డేటా కేంద్రానికి చేరే ప్రతి గిగాబైటూ మార్కెట్లో అంతకు కొన్ని రెట్ల సాధారణ మెమరీని తగ్గిస్తుంది. కొత్త కర్మాగారం కట్టి ఉత్పత్తి ప్రారంభించడానికి ఏళ్లు పడుతుంది కనుక ఈ లోటు ఒకటి రెండు నెలల్లో తీరేది కాదు.

2025 డిసెంబరు 3న మైక్రాన్ చేసిన ప్రకటన ఈ మార్పునకు స్పష్టమైన సూచిక. 'క్రూషియల్' పేరుతో దాదాపు మూడు దశాబ్దాలుగా సాధారణ వినియోగదారులకు మెమరీ అమ్ముతున్న వ్యాపారం నుంచి ఆ సంస్థ తప్పుకోవాలని నిర్ణయించింది. విడిగా ర్యామ్ కొనుక్కుని పాత ల్యాప్‌టాప్‌లో వేయించుకునే మధ్యతరగతి వారికి బాగా తెలిసిన పేర్లలో అది ఒకటి.

రూపాయి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. దేశంలో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో దిగుమతి చేసుకున్నవే ఎక్కువ. ఇక్కడ కూర్చినవాటిలోనూ విలువైన భాగాలు బయటి నుంచే వస్తాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందం కారణంగా ల్యాప్‌టాప్‌పై ప్రాథమిక కస్టమ్స్ సుంకం లేదు గానీ 18 శాతం జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ సంస్కరణల్లో ఏసీలు, పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18 శాతానికి దిగాయి. ల్యాప్‌టాప్ ఎక్కడున్నది అక్కడే ఉంది. డాలరు 86 రూపాయలున్నప్పుడు 500 డాలర్ల యంత్రం పన్నుతో కలిపి 50,740 రూపాయలవుతుంది. 2025 డిసెంబరులో డాలరు తొలిసారి 90 రూపాయలు దాటింది. ఆ రేటుకు అదే యంత్రం 53,100. అదనంగా చెల్లించే 2,360 రూపాయలకు కొనుగోలుదారుకు కొత్తగా దక్కేది ఏదీ లేదు.

ప్రభుత్వ విధానం కూడా అనుకోకుండా అడ్డురావచ్చు. ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ 2023 ఆగస్టు 3న ఆదేశాలిచ్చి, మరునాడే అమలును వాయిదా వేసింది. చివరకు అది ఆన్‌లైన్ అనుమతుల విధానంగా మెత్తబడింది.

అలాగని ఆగడం ఎప్పుడూ నష్టమేనని చెప్పలేం. 'ఆలస్యం అమృతం విషం' అన్న భాషలోనే 'నిదానమే ప్రధానం' అన్న మాట కూడా ఉంది, ఏది ఎప్పుడు వర్తిస్తుందో తెలుసుకోవడమే కష్టం. యాపిల్ సంస్థ 2024 అక్టోబరు 30న మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస మెమరీని ధర పెంచకుండానే 8 నుంచి 16 జీబీకి పెంచింది. అంతకు ముందు వారం కొన్నవారికి అదే సొమ్ముకు సగం మెమరీ దక్కింది. 2025 మార్చిలో ఎం4 చిప్‌తో వచ్చిన ఎయిర్ భారత్‌లో 99,900 రూపాయలకు మొదలైంది. అంతకు ముందరి ఎం3 ఎయిర్ విడుదల ధర 1,14,900. అయితే ఈ విడుదలలకు నియత కాలమేదీ లేదు. ఎం1 నుంచి ఎం2 ఎయిర్‌కు సుమారు 20 నెలలు, అక్కడి నుంచి ఎం3కి మరో 20 నెలలు, ఎం4కు 12 నెలలే పట్టింది. పాత లెక్క పట్టుకుని కూర్చున్నవారికి అది అక్కరకు రాలేదు.

తేదీలను సంస్థలు గుట్టుగా ఉంచడం వెనుక ఒక పాత కథ ఉంది, అది దక్షిణ భారతంతో ముడిపడినది. రమణ మహర్షి జీవిత చరిత్ర రాసిన ఆర్థర్ ఆస్‌బోర్న్ కుమారుడు ఆడమ్ బాల్యంలో కొంతకాలం తిరువణ్ణామలైలో పెరిగారు. 1981లో ఆయన అమెరికాలో 'ఆస్‌బోర్న్ 1' అనే కంప్యూటర్‌ను 1,795 డాలర్లకు విడుదల చేశారు. ఐదంగుళాల తెర, సుమారు 11 కిలోల బరువు. అయినా చేత్తో మోసుకుపోగల కంప్యూటర్ అది, జనం ఎగబడి కొన్నారు. 1983 ఆరంభంలో దానికంటే మెరుగైన 'ఎగ్జిక్యూటివ్' రాబోతోందని ఆయన ముందే చెప్పేశారు. ఆర్డర్లు పడిపోయాయి, సెప్టెంబరు నాటికి సంస్థ దివాలా తీసింది. పోటీదారు కేప్రో అదే ధరకు తొమ్మిదంగుళాల తెర ఇవ్వడమే అసలు కారణమనే వాదన కూడా బలంగా ఉంది. ఏమైనా 'ఆస్‌బోర్న్ ప్రభావం' అన్న మాట వ్యాపార నిఘంటువులో నిలిచిపోయింది. ఆడమ్ 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. నాటి నుంచి తయారీదారులు నోరు కట్టుకోవడం నేర్చుకున్నారు. ఫలితంగా కొనేవారికి మిగిలేవి వదంతులే. వదంతిని నమ్మి ఆరు నెలలు ఆగేకంటే, ప్రకటన వెలువడిన కొత్త నమూనా కోసం ఆరు వారాలు ఆగడం నయం.

ఆగడం వల్ల మిగిలే సొమ్మును నెలలతో భాగించి చూస్తే సంగతి తేటపడుతుంది. ఆరు నెలలు ఆగి 3,000 రూపాయల తగ్గింపు పొందినవారు, కొత్త యంత్రం లేకుండా గడిపినందుకు నెలకు 500 రూపాయలు పుచ్చుకున్నట్టే. ఉద్యోగ దరఖాస్తులు, ఆన్‌లైన్ తరగతులు నెత్తి మీదున్నవారికి అది గిట్టదు. పాత యంత్రం సజావుగా నడుస్తున్నవారికి అది ఆయాచిత లాభం.

'సజావుగా' అన్న మాటకు ఇప్పుడొక షరతు ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు సాధారణంగా నిలిచిపోయాయి. పొడిగింపు పథకంలో చేరినవారికి మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు గడువిచ్చింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్‌లోనైతే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందరి ల్యాప్‌టాప్‌లో బ్యాంకు లావాదేవీలు జరిపేవారు పొడిగింపులో చేరకుండా కొత్త చిప్ కోసం ఎదురుచూడడం ప్రమాదకరం. కొత్త విండోస్ లేదా మ్యాక్ వెర్షన్ కోసం మాత్రం కొనుగోలును వాయిదా వేయడం అనవసరం, అది ఇవాళ కొన్న యంత్రానికీ అప్‌డేట్ రూపంలో వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరికే ఇంటెల్ మ్యాక్‌లకు ఈ మాట వర్తించదు. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ తహోయే వాటికి చివరిదని యాపిల్ ప్రకటించింది.

తెలుగు రాష్ట్రాల్లో ఈప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖరారు కాగానే చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ ప్రస్తావన వస్తుంది. మొదటి ఏడాది సీ, పైథాన్ ప్రోగ్రాములకు సాధారణ ప్రాసెసర్ ధారాళంగా సరిపోతుంది. నాలుగో ఏడాది ప్రాజెక్టుకు ఎక్కువగా అవసరమయ్యేది మెమరీ. పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికిస్తున్నారు, తర్వాత పెంచడానికి వీలుండదు. అందువల్ల ఖరీదైన ప్రాసెసర్‌కు పెట్టే సొమ్మును 16 జీబీ మెమరీకి మళ్లించడం వివేకం. 'కోపైలట్ ప్లస్' ముద్రకు మైక్రోసాఫ్ట్ కనీసం 16 జీబీ మెమరీ నిర్దేశించింది. ఆ ముద్ర విలువ ప్రస్తుతానికి అందులోని కృత్రిమ మేధ సదుపాయాలకంటే ఈ ఒక్క నిబంధనలోనే ఎక్కువగా ఉంది.

కొనకుండా, ఆగకుండా మూడో దారి కూడా ఉంది. ఎనిమిదో తరం తర్వాతి యంత్రంలో పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేస్తే మరో రెండేళ్లు గడిచిపోవచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లలో పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన ర్యామ్ కార్డులూ దొరుకుతాయి. కొత్తవాటి ధర ఎక్కడానికి తగ్గట్టు వీటి ధరా ఎక్కుతోంది కనుక రెండు మూడు దుకాణాల్లో అడిగి, కార్డును యంత్రంలో పెట్టించి మెమరీ పరీక్ష పూర్తయ్యాకే డబ్బు చెల్లించాలి.