పగడాల తొట్టికి పట్టే చీడ: గుర్తింపు, నివారణ, జాగ్రత్తలు

ఇంట్లో గాజుతొట్టి, అందులో రంగురంగుల చేపలు మనకు కొత్త కాదు. ఉప్పునీటిలో సజీవ పగడాలను పెంచే ‘రీఫ్ అక్వేరియం’ మాత్రం దానికి ఎన్నో రెట్లు క్లిష్టమైనది. అమెరికా, ఐరోపా, గల్ఫ్ దేశాలలో ఈ అభిరుచి బాగా వ్యాపించింది. ఆ దేశాలలో స్థిరపడిన మన బంధుమిత్రులలోనూ దీనిని చేపట్టేవారు ఉండవచ్చు. అటువంటి కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. పగడం రాయి కాదు, మొక్కా కాదు. అది ఒక జీవి. నోటి చుట్టూ సన్నని మీసాలున్న చిన్న చిన్న జీవులు వందలుగా, వేలుగా ఒకదానినొకటి అంటిపెట్టుకొని, తమ కింద సున్నపు గూడు కట్టుకుంటూ పెరుగుతాయి. వాటికి నీటి వేడి 25, 26 డిగ్రీల వద్ద నిలకడగా ఉండాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. ఇంత శ్రద్ధతో ఏళ్ళ తరబడి పెంచిన కొమ్మను, కంటికి ఆనని ఒక పురుగు కొద్ది వారాల్లో ఎముకల గూడుగా మార్చివేయగలదు.

సముద్రంలో ఉన్నది, తొట్టిలో లేనిది

పగడాన్ని తినే జీవులు సముద్రంలోనూ ఉన్నాయి. అయితే అక్కడ వాటిని తినే జీవులు కూడా ఉన్నాయి. ఆ సమతూకం చెదిరినప్పుడు ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ చెబుతుంది. 1985 నుంచి 2012 వరకు సాగిన పరిశీలనలో అక్కడి పగడాల విస్తీర్ణం 28 శాతం నుంచి దాదాపు 14 శాతానికి పడిపోయినట్లు తేలింది. ఆ నష్టంలో 48 శాతం తుపానుల వల్ల జరగగా, 42 శాతానికి ‘ముళ్ళకిరీటం’ అనే నక్షత్రచేప కారణమని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. దానిని అదుపు చేయడానికి గజ ఈతగాళ్ళు నీటి అడుగుకు దిగి, ఒక్కొక్క నక్షత్రచేపను వెతికి పట్టి, పైత్యలవణాల ద్రావణాన్నో వెనిగర్‌నో సూదితో ఎక్కిస్తున్నారు. అంతటి సముద్రంలోనే ఈ పని చేత్తో, ఒక్కొక్కటిగా చేయవలసి వస్తున్నది. శత్రువును వేటాడే జీవి ఏదీ లేని నాలుగడుగుల గాజుతొట్టిలో ఆ బాధ్యత పూర్తిగా యజమానిదే అవుతుంది.

నలుగురు శత్రువులు

మొదటిది, కొమ్మలుగా పెరిగే అక్రోపోరా జాతి పగడాన్ని తినే బల్లపరుపు పురుగు. దాని దేహం పలుచగా, పారదర్శకంగా ఉండి, తాను తిన్న పగడం రంగునే తెచ్చుకుంటుంది. అందువల్ల పగడం మీద ఉన్నా కనబడదు. గుండ్రని చిన్న చిన్న తెల్లమచ్చలే దాని జాడ. మొదట అక్వేరియంలలోనే బయటపడిన ఈ పురుగుకు 2011లో శాస్త్రీయ నామం పెట్టారు. సహజ సముద్రంలో, గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఇది ఉన్నట్లు ఆ తర్వాతే నిర్ధారణ అయింది.

రెండవది, మాంటిపోరా జాతి పగడాన్ని తినే పెంకులేని సముద్రపు నత్త. తెల్లగా, సెంటీమీటరు కన్నా చిన్నగా ఉండి, పగడపు పలక అడుగున దాక్కుంటుంది. అంచుల నుంచి మాంసం కరిగిపోతూ తెల్లని గూడు బయటపడుతుంటే దీనిని అనుమానించాలి.

మూడవది, హాబీదారులు ‘ఎర్రపురుగు’ అని పిలిచే సూక్ష్మజీవి. రొయ్యలకు దూరపు చుట్టమైన ఇది అర మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. పసుపు దేహం మీద ఎర్రని చుక్క దీని గుర్తు. ఇది పట్టిన అక్రోపోరా రంగు తగ్గి, మీసాలు బయటికి చాపడం మానివేస్తుంది.

నాలుగవది, గుండీల వలె గుంపుగా పెరిగే జోయాంథిడ్‌లను తినే నత్తలు. వీటిలో చక్రం వలె చుట్టుకున్న పెంకు గలవి కొన్ని, పెంకులేనివి కొన్ని.

తొట్టిలో కదిలే ప్రతి పురుగూ శత్రువు కాదు. ఇసుకలో తిరిగే చిన్న ముళ్ళపురుగులు, గాజు మీద పాకే సూక్ష్మజీవులలో అధిక భాగం మిగిలిన ఆహారాన్ని తిని తొట్టిని శుభ్రం చేసేవే. గుర్తించకుండా చంపడం మేలు కన్నా కీడే చేస్తుంది.

మందు ఎక్కడ ఓడిపోతుంది?

కొత్త పగడాన్ని అయోడిన్ ద్రావణంలోనో, అందుకోసం తయారైన ఇతర మందులోనో కొన్ని నిమిషాలు ముంచి తీస్తే పెద్ద పురుగులు రాలిపోతాయి. చాలామంది అంతటితో పని ముగిసిందనుకొని పగడాన్ని తొట్టిలో పెట్టేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. బల్లపరుపు పురుగు పగడం మొదట్లో, మాంసం పోయిన సున్నపు భాగం మీద, గోధుమరంగు గుడ్లను గుంపుగా పెడుతుంది. గుడ్ల పైపొరను మందు దాటలేదు. నీటి వేడిని బట్టి ఒకటి నుంచి మూడు వారాల్లో అవి పొదిగి పిల్లలవుతాయి. అంటే ఒక్కసారి ముంచడం వల్ల ఒక తరం మాత్రమే పోతుంది, రాబోయే తరం క్షేమంగా ఇంట్లోకి వస్తుంది.

కాబట్టి పాటించవలసిన క్రమం ఇది:

1. కొత్త పగడం అతికించివున్న సిమెంటు బిళ్ళను తీసివేయాలి. మాంసం లేని మొదలును కత్తిరించి పారవేయాలి. కనబడిన గుడ్లను మెత్తని బ్రష్షుతో నీటిలోనే గీకివేయాలి.

2. వేరే పాత్రలో తొట్టినీరు తీసుకొని, మందును దానిపై సూచించిన మోతాదులో, సూచించిన వ్యవధికే వాడాలి. సూదిలేని పెద్ద సిరంజితో నీటిని చిమ్ముతూ ఉంటే పట్టుకున్న పురుగులు ఊడివస్తాయి. తర్వాత శుభ్రమైన ఉప్పునీటిలో కడగాలి. మందునీటిని తిరిగి తొట్టిలో పోయరాదు.

3. ఇసుక, రాళ్ళు లేని ప్రత్యేక తొట్టిలో కనీసం ఆరు వారాలు క్వారంటైన్‌లో ఉంచాలి. వారానికొకసారి ముంచడం, పరిశీలించడం మళ్ళీ చేయాలి. రాత్రి దీపాలు ఆర్పిన తర్వాత టార్చి వెలుతురులో చూస్తే పగలు దాగినవి కొన్ని కనిపిస్తాయి.

4. చీడ ఇప్పటికే ప్రధాన తొట్టిలో చేరి ఉంటే, అది తినే జాతి పగడాలన్నింటినీ తీసి చికిత్స చేస్తూ, కొన్ని వారాలు తొట్టిని వాటి నుంచి ఖాళీగా ఉంచాలి. ఆహారం దొరకక అక్కడ మిగిలినవి నశిస్తాయి.

‘రాస్’ జాతి చిన్న చేపలు కొన్ని పురుగులను ఏరుకొని తింటాయి. అవి సాయం చేస్తాయే గాని చికిత్సకు బదులు కాజాలవు. ఎర్రపురుగుకు కొందరు కుక్కల గుండెపురుగు మందును వాడతారు. అది తొట్టిలోని రొయ్యలను, పీతలను కూడా చంపుతుంది. పశువైద్యుని సలహా లేకుండా దాని జోలికి పోరాదు.

ఇంటివారి ప్రాణాలు ముఖ్యం

చీడ మీది కోపంతో కొందరు రాళ్ళను ఉడకబెడతారు, మరిగే నీళ్ళు పోస్తారు. ఇది మహా ప్రమాదం. కొన్ని జోయాంథిడ్‌లలో ‘పాలీటాక్సిన్’ అనే విషం ఉంటుంది. హవాయి దీవులలోని ఇటువంటి జీవి నుంచి శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేసి 1971లో ప్రకటించారు. ప్రకృతిలోని అతి తీవ్రమైన విషాలలో ఇది ఒకటి. ఉడికించినా నశించదు, పైగా ఆవిరితో గాలిలో కలిసి ఇల్లంతా పాకుతుంది. 2018లో ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో తొట్టి పగడాలను శుభ్రం చేసిన తర్వాత ఆ కుటుంబంలోని ఆరుగురు, సాయానికి వచ్చిన నలుగురు అగ్నిమాపక సిబ్బంది ఆసుపత్రిలో చికిత్స పొందవలసి వచ్చింది.

అందుచేత పగడాన్ని కత్తిరించేటప్పుడు, గీకేటప్పుడు చేతొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. పని నీటిలోనే జరగాలి. వంటగది తొట్టి, వంట పాత్రలు, మైక్రోవేవ్ దీనికి వాడకూడదు. పిల్లలను, గర్భిణులను, ఉబ్బసం ఉన్నవారిని ఆ గదిలోకి రానీయకూడదు. నోట్లో చేదు, దగ్గు, ఆయాసం, చలిజ్వరం, తిమ్మిరి, కండరాల నొప్పి కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, జోయాంథిడ్ పగడాలను తాకినట్లు వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. ఆ మాట దాచితే వైద్యుడు దానిని మామూలు ఫ్లూ జ్వరమని భావించవచ్చు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో సున్నపు గూడు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ తీరాల నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం శిక్షార్హమైన నేరం. అంతర్జాతీయంగా కూడా ఇవి ‘సైటిస్’ ఒప్పందం పరిధిలో ఉన్నాయి. సెలవులకు స్వదేశం వచ్చేవారు అనుమతిపత్రాలు లేకుండా చిన్న పగడపు ముక్కను సామానులో పెట్టుకొచ్చినా చిక్కులు తప్పవు. అలాగే చట్టం అనుమతించే దేశంలో ఉన్నవారు, తొట్టిలోని జీవులను గాని నీటిని గాని సముద్రంలో వదలకూడదు. తమ ఇంటి చీడ సముద్రానికి పట్టరాదు.

ఆరు వారాల క్వారంటైన్‌కు పెట్టే ఖర్చు, ఓపిక కొందరికి వృథా అనిపించవచ్చు. కాని చీడ లోపలికి వచ్చాక చేసే పని అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, దానికి బలయ్యేది నోరులేని జీవి. అంత ఓపిక లేదనుకునేవారు పగడాల జోలికి పోకుండా, మామూలు చేపల తొట్టితోనే పిల్లలకు సముద్రపు అందాలను పరిచయం చేయడం మంచిది.