పాత గాజు గోటీ: రంగు కాదు, కొసలు చూడాలి

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో పాత ఇంటి అటక దులుపుతుంటే గాజు గోటీలు దొరికాయనుకోండి. వాటిలో చేత్తో చేసిన పాతవేవో, మిషన్‌లో పోసినవేవో తేల్చాలంటే రంగును నమ్ముకోవద్దు. ముందు రెండు సంవత్సరాలు గుర్తుంచుకోవాలి: 1846, 1905.

1846లో జర్మనీలోని లౌషా అనే గాజు పనివాళ్ల ఊళ్లో ఎలియాస్ గ్రైనర్ గోటీల కత్తెర చేయించాడు. దాని మొనకు చిన్న గిన్నెలాంటి గుంట ఉంటుంది. రంగు గాజు తీగలు పొదిగిన వేడి కడ్డీని మెలితిప్పుతూ, కొసను ఆ గుంటలో తిప్పి గుండ్రం చేసి తెంచేవారు. 1905లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మార్టిన్ క్రిస్టెన్సెన్ గోళాలు చేసే యంత్రానికి పేటెంట్ పొందాడు. 1914లో మొదలైన యుద్ధం జర్మనీ ఎగుమతులను దెబ్బతీసింది. ఆ తర్వాత బజారు మిషన్ గోటీలదే. అంటే లౌషా చేతి గోటీల మంచి కాలమంతా గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ రాజధానిగా ఉన్న జటప్రోలు సంస్థానాలు నిజాం కింద నడిచిన కాలమే.

సాగదీసి తెంచే పని మన తెలుగు నేలకు కొత్త కాదు. శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో కరిగిన గాజును కొలిమిలోంచి సన్నని బోలు గొట్టంగా లాగి, ముక్కలు కోసి పూసలు చేసేవారు. కోసిన అంచులు మళ్లీ వేడి తగిలి నునుపెక్కుతాయి. గోటీలో బోలు ఉండదు, తెంచిన జాడ మాత్రం మిగులుతుంది. మనం వెతకాల్సింది ఆ జాడనే.

కంసాలి వాడే 10 రెట్ల భూతద్దం తీసుకుని గోటీని వెలుతురులో మెల్లగా తిప్పండి. చేతి గోటీ అయితే లోపలి చారలన్నీ ఒక కొసన పుట్టి, మెలిపడి, రెండో కొసన కలుస్తాయి. ఆ కొసల్లో ఒకచోటైనా గరుకైన మచ్చో, అరగదీసిన చదునో వేలికి తగులుతుంది. మిషన్ గోటీకి అలాంటి మచ్చ ఉండదు. లోపల పిల్లికన్నులా రంగు రెక్కలుంటే అది ఇంకా తర్వాతిది. మధ్యరకం కూడా ఒకటుంది. క్రిస్టెన్సెన్ కార్ఖానాలో గాజును మనిషి కడ్డీతో తీసి అందిస్తే యంత్రం గుండ్రం చేసేది. అందుకే వాటిలో కొన్నింటి మీద ఒకవైపు 9 అంకెలాంటి సుడి కనిపిస్తుంది.

మచ్చ ఉన్నంత మాత్రాన పాతదని తీర్పు చెప్పలేం. ఇప్పటి కళాకారులు చేత్తో చేసే గోటీలకూ అది ఉండొచ్చు. ఆటలో తగిలిన చిన్న చిన్న నెలవంక గీతలు కూడా ఉన్నాయేమో చూడాలి. గాలి బుడగలు రెండు రకాల్లోనూ ఉంటాయి కాబట్టి వాటితో ఏదీ తేలదు.

తూకం కొంత సాయం చేస్తుంది. మామూలు గాజు ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు. ఆ లెక్కన 16 మిల్లీమీటర్ల గోటీ 5.4 గ్రాములు తూగాలి. అడ్డుకొలత రెట్టింపై 32 అయితే బరువు ఎనిమిది రెట్లు, దాదాపు 43 గ్రాములు. 16 మిల్లీమీటర్లది 2.5 గ్రాములే తూగితే ప్లాస్టిక్. అకీకు రాయి మాత్రం 5.6 గ్రాముల దాకా తూగి గాజులాగే మోసం చేస్తుంది. చేత్తో సానబట్టిన రాయి మీద దీపం వెలుగు పడితే సన్నని పలకలు మెరుస్తాయి.

ముదురు గాజు మీద రంగు చారలున్న రకాన్ని సేకర్తలు ‘ఇండియన్’ అంటారు. పేరు చూసి మన దేశపుదనుకోవద్దు, అదీ జర్మన్ పనే. మధ్యలో వెండిలా మెరిసే జంతువు బొమ్మ ఉన్నవి పెద్ద సైజులో, ఎక్కువగా అంగుళం దాటి ఉంటాయి. ఒకే రంగులో, చారల్లేకుండా ఉన్నది గోలీసోడా సీసాలోది కావచ్చు. ఆ సీసాను ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1870ల తొలి ఏళ్లలో రూపొందించాడు. సీసా పగిలితే తప్ప ఆ గోలీ బయటికి రాదు. దాన్ని విలువ లేనిదని పారేయకండి. మన వీధుల్లో సోడాబండి నడిచిన రోజులకు అది సాక్ష్యం.

సేకర్తలు గోటీ స్థితికి 10కి మార్కులు వేస్తారు. 9 దాటితే కొత్తదానితో సమానం, 8కి పైన ఉంటే దానికి దగ్గర. అందుకే దయచేసి పాలిష్ పట్టించకండి. సానబడితే దెబ్బల గీతలతో పాటు కొస మచ్చ కూడా చెరిగిపోతుంది, గోటీ చిన్నదవుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, విడివిడిగా దూదిలో చుట్టి, ఏ ఊళ్లో ఎవరింట దొరికిందో, అడ్డుకొలత ఎంతో, బరువెంతో చీటీ మీద రాసి జత చేయండి.