ఫ్రెంచి మాటలను ఇంగ్లీషు సాయమున నేర్చుకొను విధము

హైదరాబాదు నగరమున మూసారాంబాగ్ అను పేట గలదు. ఆ పేరిలో నొక ఫ్రెంచి మాట దాగియున్నదని అచ్చట నివసించువారిలో ననేకు లెఱుగరు. నిజాము కొలువున సేనాపతిగా నుండి 1798వ సంవత్సరమున మృతినొందిన రేమండ్ అను ఫ్రెంచివానిని ఆ దేశపు మర్యాద ననుసరించి 'మొస్యో రేమండ్' అని పిలుచుచుండిరి. మొస్యో యనగా ఇంగ్లీషున 'మిస్టర్'. మన భాషలో 'అయ్యగారు'. జనుల నోట మొస్యో 'మూసా' యయ్యెననియు, రేమండ్ 'రామ్' అయ్యెననియు, ఆయన తోట మూసారాంబాగ్ అయ్యెననియు చెప్పుదురు. మచిలీపట్టణమున ఫ్రెంచివారు 1669వ సంవత్సరమున వర్తకశాల నెలకొల్పిరి. అచ్చటి పరాసుపేట వారి పేరనే వెలసినది, పరాసులనగా ఫ్రెంచివారే. గోదావరీ తీరమునందలి యానాము 1954వ సంవత్సరము వఱకు ఫ్రెంచి పాలనలో నుండెను. కావున ఫ్రెంచి భాష మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఇట్లుండగా మా పాఠశాలలో ఫ్రెంచి నేర్చుకొనగోరు విద్యార్థులు ఏటేట కనబడుచున్నారు. వారిలో నొకడు మిక్కిలి శ్రద్ధాళువు. పుస్తకమున నడుమ గీత గీచి, ఎడమవైపున ఫ్రెంచి మాటయు కుడివైపున ఇంగ్లీషు అర్థమును వ్రాసికొని, మూడువందల మాటలు కంఠస్థము చేసెను. తనకు తెలియని మాట వచ్చినప్పుడు దానిని పోలిన ఇంగ్లీషు మాటయే దాని యర్థమని తలంచెడివాడు. పరీక్షలో అతనికి ఒక చిన్న వాక్యము వచ్చెను. 'నేను పుస్తకముల దుకాణమునొద్ద నా స్నేహితునికొఱకు వేచియున్నాను' అని దాని యర్థము. అతడు 'నేను గ్రంథాలయమున నా స్నేహితునికి పరిచర్య చేయుచున్నాను' అని వ్రాసెను! ఒక్క వాక్యమున రెండు తప్పులు. ఆ బాలుడు కన్నీరు పెట్టుకొని 'ఇంత చదివియు నేమి లాభము?' అని మమ్ము నడిగెను. ఆతని ప్రశ్నకు ప్రత్యుత్తరముగానే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట ఉచ్చారణమును గూర్చి రెండు మాటలు. ఫ్రెంచిలో కొన్ని అచ్చులను ముక్కుతో పలుకవలెను. ఇంగ్లీషు బాలురకు ఇది కష్టము. మనకు అరసున్న యున్నది గదా! కావున ముక్కుతో పలుకదగిన అచ్చు ప్రక్కన ఇందు అరసున్న నుంచుచున్నాము. 'బోఁజూర్' అనునప్పుడు మొదటి యక్షరము చివర పెదవులు మూయక, గాలిని కొంత ముక్కుగుండ విడువవలెను. ఫ్రెంచివారి తకార దకారములు మన త, ద లవలెనే దంత్యములు. ఇంగ్లీషు అలవాటున ట, డ లని పలుకరాదు. హెచ్ అను అక్షరము వ్రాతయందే గాని పలుకుటయందు లేదు. పదము చివరి హల్లు తఱచుగా పలుకబడదు. మనము వ్రాసినట్లు చదువువారము గనుక ఈ మౌనాక్షరములే మనకు పెద్ద చిక్కు. అందువలన ప్రతి మాటను కంటితోగాక చెవితో ముందుగా నేర్వవలెను.

ఇంగ్లీషున ఫ్రెంచి మాటలు ఏల యింత విస్తారముగ నున్నవో యెఱిగిన యెడల నేర్చుకొనుట సులభమగును. 1066వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరమునందలి నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లాండును జయించెను. అటుపిమ్మట చిరకాలము ప్రభువుల భాష ఫ్రెంచి, కాపుల భాష ఇంగ్లీషు. దీనికి భోజనపు బల్లయే సాక్ష్యము. పొలమున గొఱ్ఱెను మేపువాడు దానిని తన భాషలో 'షీప్' అనెను; దాని మాంసమును భుజించు ప్రభువు తన భాషలో 'ముతోఁ' అనెను. అదియే నేటి 'మటను'. ఆవు 'కౌ', దాని మాంసము 'బీఫ్'. ఇది ఫ్రెంచి 'బఫ్' అను మాటనుండి వచ్చినది. న్యాయస్థానములును ప్రభువులవే గనుక కోర్టు, జడ్జి, జ్యూరీ మొదలగు మాటలును ఆ భాషనుండియే వచ్చినవి. మన పల్లెలలో చదువురాని రైతు సయితము 'కోర్టు' అనుచున్నాడు. అతడు తెలియకయే ఫ్రెంచి మాట నుచ్చరించుచున్నాడన్నమాట.

అయినను తొమ్మిదివందల యేండ్లలో రెండు భాషలయందును మాటల రూపములు మాఱినవి. ఆ మార్పులలో మూడింటిని గుర్తెఱిగిన విద్యార్థి యనేకమైన మాటలను నిఘంటువు తెఱువకయే గ్రహింపగలడు.

మొదటిది. మన పల్లెవారు స్కూలును 'ఇస్కూలు' అనియు, స్టేషనును 'ఇస్టేషను' అనియు పలుకుట మనము వినుచున్నాము, విని నవ్వుచున్నాము. నవ్వదగదు. సకారముతో కూడిన సంయుక్తాక్షరము మొదట నుండుట నోటికి కష్టమై, దానికి ముందొక యచ్చును చేర్చుట లోకసహజము. ప్రాచీన ఫ్రెంచివారును లాటిను భాషలోని 'స్కోలా' అను మాటను అట్లే 'ఎస్కోల్' అనిరి. తరువాత నడిమి సకారము జాఱిపోయి 'ఏకోల్' మిగిలినది. ఏకోల్ అనగా స్కూలు. ఈ సూత్రముననే 'ఏత్యుద్' స్టడీ, 'ఏతా' స్టేట్, 'ఏపీస్' స్పైస్, 'ఏపోఁజ్' స్పాంజి, 'ఏత్రాఁజే' స్ట్రేంజర్. మాట మొదట ఏకారము కనబడినప్పుడు దానిని తీసి సకారము నుంచి చూడుడు. అనేక పర్యాయములు ఇంగ్లీషు మాట బయటపడును.

రెండవది. ఫ్రెంచి వ్రాతలో కొన్ని యచ్చులపై చిన్న టోపీవంటి గుర్తుండును. తఱచుగా అది పోయిన సకారమునకు జ్ఞాపకచిహ్నము. టోపీ తీసి, దాని వెనుక సకారమును చేర్చినచో 'ఓపితాల్' హాస్పిటల్ అగును; 'ఫొరే' ఫారెస్ట్ అగును; 'ఫెత్' ఫీస్ట్ అగును; 'బెత్' బీస్ట్ అగును; 'ఓత్' హోస్ట్ అగును.

మూడవది. ఇంగ్లీషున డబ్ల్యూ అను అక్షరమున్న కొన్ని చోట్ల ఫ్రెంచిలో గకారముండును. 'గేర్' అనగా వార్, యుద్ధము. 'గెప్' అనగా వాస్ప్, కందిరీగ. 'గార్ద్‌రోబ్' అనగా వార్డ్‌రోబ్, బట్టల బీరువా. ఇంగ్లాండును జయించిన విలియము పేరు సయితము ఫ్రెంచిలో 'గీయోమ్'.

వీనికి తోడు, ఇంగ్లీషున 'టీ' అని ముగియు గుణవాచకములు ఫ్రెంచిలో 'తే' అని ముగియును. ఫ్రాన్సు దేశపు జాతీయ నినాదమగు లిబెర్తే, ఏగాలితే, ఫ్రాతెర్నితే యనునవి లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రెటర్నిటీ యను మాటలే. అనగా స్వేచ్ఛ, సమత్వము, సౌభ్రాత్రము. సంఖ్యలయందు సంస్కృతము మనకు తోడ్పడును. దో, త్ర్వా, సెత్, నఫ్, దిస్ అను మాటలను ద్వి, త్రి, సప్త, నవ, దశ శబ్దముల ప్రక్కన నుంచి చూడుడు. ఫ్రెంచికి తల్లియగు లాటినును సంస్కృతమును ఒక మూలమునుండి పుట్టినవే యగుటచేత ఈ పోలిక కలిగినది. ఎనుబదికి మాత్రము వారు 'కాత్ర్ వేఁ', అనగా 'నాలుగిరువదులు' అందురు. తొంబదికి 'నాలుగిరువదుల పది' యందురు.

ఇంతవఱకు ఇంగ్లీషు మనకు మంచి తోడు. ఇక అది మోసపుచ్చు తావులను చెప్పవలెను. పైని చెప్పిన బాలుడు పడినది ఈ గోతిలోనే. వాని వాక్యము ఇది: 'జాతాఁ మోఁ నామి ఆ లా లిబ్రేరీ.' ఇందు 'లిబ్రేరీ' చూచుటకు లైబ్రరీవలె నున్నది గాని దాని యర్థము పుస్తకముల దుకాణము. గ్రంథాలయమునకు 'బిబ్లియోతెక్' అని పేరు. 'అతాఁద్ర్' అను క్రియ ఇంగ్లీషు అటెండ్‌ను పోలియున్నను వేచియుండుట యని యర్థము. అట్లే 'లెక్త్యూర్' లెక్చరు కాదు, చదువుట. 'జూర్నే' జర్నీ కాదు, ఒక పగలు. 'మొనే' మనీ కాదు, చిల్లర. డబ్బునకు 'ఆర్జాఁ' అందురు, వెండికిని అదే మాట. 'దెమాఁదే' యనగా డిమాండు చేయుట కాదు, వినయముతో నడుగుటకును అదే మాట. ఒక ఫ్రెంచివాడు అడిగినదానిని 'డిమాండు చేసెను' అని తర్జుమా చేసినచో మంచివాడు మూర్ఖుడుగా కనబడును.

కొన్ని మాటలు అక్షరము మాఱక రెండు భాషలయందును ఒకటిగానే వ్రాయబడును. ఇంగ్లీషున 'పెయిన్' అని చదివి నొప్పి యని గ్రహించు మాటను ఫ్రెంచివాడు 'పేఁ' అని చదివి రొట్టె యని గ్రహించును. అన్నిటికంటె జాగ్రత్తపడవలసినది 'బ్లెసే' అను మాట. దీనిని చూచి ఆశీర్వాదమును సూచించు ఇంగ్లీషు 'బ్లెస్' అనుకొందురు. కాని బ్లెసే యనగా గాయపడినవాడు. మా విద్యార్థినులలో ననేకులు వైద్యశాలలలో దాదులుగా పనిచేయగోరుచున్నారు. ఫ్రెంచి మాటలాడు దేశమున నొకడు పరుగెత్తివచ్చి ఈ మాటను చెప్పినప్పుడు, దాని నాశీర్వాదమని తలంచి చిఱునవ్వు నవ్వినచో నెంత ప్రమాదము! తప్పు మాటకు మార్కులు పోవుట చిన్న నష్టము. రోగికి జరుగు ఆలస్యము పెద్ద నష్టము.

అర్థము తెలిసిన మాత్రమున చాలదు; వాడుక తెలియవలెను. ఫ్రాన్సు దేశమున దుకాణమునకు పోయినవాడు తనకు కావలసినది అడుగుటకు ముందు 'బోఁజూర్' అని పలుకరింపవలెను. పురుషునితో 'బోఁజూర్, మొస్యో' అనియు, స్త్రీతో 'బోఁజూర్, మాదామ్' అనియు చెప్పుట మర్యాద. సాయంకాలమున 'బోఁస్వార్' అందురు. పలుకరింపక సరుకు నడుగువానిని అవినీతిపరునిగా తలంతురు. ఇంగ్లీషు 'ప్లీజ్' అనుటకు 'సిల్ వు ప్లే' అందురు. 'మీకు ప్రీతియైనచో' అని దాని యక్షరార్థము. 'థాంక్స్' అనుటకు 'మెర్సీ' యందురు. ఇచ్చట ఇది ఇంగ్లీషు మెర్సీవలె కరుణ యను నర్థమున వాడబడదు.

ఇచ్చట తెలుగు బాలుని కొక సౌకర్యము గలదు. నేటి ఇంగ్లీషున రాజునకును సేవకునకును 'యూ' యను మాటయొకటే. ఫ్రెంచిలో మనవలెనే రెండు గలవు: 'త్యు' అనగా నీవు, 'వూ' అనగా మీరు. స్నేహితునితో 'కొమాఁ వా త్యు' అందురు. గురువుగారితో 'కొమాఁ తాలే వూ' అందురు. 'హౌ ఆర్ యూ' అని యొక్క అర్థము వ్రాసికొన్నవానికి ఈ భేదము తెలియదు. 'నీవెట్లున్నావు', 'మీరెట్లున్నారు' అని తెలుగున వ్రాసికొన్నవాడు ఎన్నడును పొరబడడు.

సంధియును అట్టిదే. 'లా' అను మాటయు 'ఏకోల్' అను మాటయు కలిసినప్పుడు 'లేకోల్' అగును. మేన, అల్లుడు అను మాటలు కలిసి మేనల్లుడైన తీరుననే మొదటి యచ్చు లోపించినది. 'లే' యను మాట తరువాత స్నేహితుడను నర్థముగల 'ఆమి' వచ్చినచో, మఱుగుపడియున్న హల్లు పైకివచ్చి 'లేజామి' యగును. సంధి నెఱుగని ఇంగ్లీషు బాలునికి ఇది వింత; మనకు పాత చుట్టమే.

లింగము మాత్రము మనకు క్రొత్త. ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. ఏలయని అడిగి లాభము లేదు. పుంలింగమునకు ముందు 'ల్' అను పొట్టి మాటయు, స్త్రీలింగమునకు ముందు 'లా' యు నుండును. ఇవి మాఱినచో అర్థమే మాఱును. 'ల్ లీవ్ర్' అనగా పుస్తకము. 'లా లీవ్ర్' అనగా పౌను. 'ల్ తూర్' అనగా చుట్టి వచ్చుట. 'లా తూర్' అనగా గోపురము. పారిసునగరమున 1889వ సంవత్సరమున పూర్తియైన ఐఫెల్ గోపురమునకు 'లా తూర్ ఎఫెల్' అని పేరు. కావున మాటను ఒంటరిగా గాక ఈ చిన్న మాటతో కలిపియే నేర్వవలెను.

ఇప్పుడు ఆ బాలుని నోటుపుస్తకమునకు వత్తము. దానిని మేము చింపివేయింపలేదు. రెండు గీతలు అదనముగా గీయించితిమి. మొదటి వరుసలో ల్ లేక లా తో గూడిన ఫ్రెంచి మాట. రెండవదానిలో తెలుగు లిపిలో అరసున్నతో ఉచ్చారణ. మూడవదానిలో ఇంగ్లీషు తెలుగు అర్థములు. నాలుగవదానిలో తాను స్వయముగ నిర్మించిన యొక చిన్న వాక్యము. మోసపుచ్చు మాటలకు ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టించితిమి. దినమునకు అయిదు మాటలకంటె ఎక్కువ వలదని చెప్పితిమి. నేర్చినదానిని మఱునాడును, వారము తరువాతను, నెల తరువాతను మరల చూడవలెను. దినమునకైదు చొప్పున నెలకు నూటయేబది మాటలగును. శ్రద్ధ గలవానికి సంవత్సరమున సాధారణ సంభాషణకు కావలసిన మాటలన్నియు అలవడును.

తలిదండ్రులలో కొందఱు 'మనవారికి ఫ్రెంచి యెందులకు?' అని అడుగుచున్నారు. 19వ శతాబ్దమున ఓడలెక్కి మారిషస్ దీవికి కూలిపనికి పోయిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు నేడును ఫ్రెంచి వాడుకలోనున్న ఆ దేశమున వసించుచున్నారు. ఫ్రాన్సునకును, కెనడాలోని క్విబెక్ రాష్ట్రమునకును చదువులకై పోవు మన బిడ్డలును గలరు. ఊరు గాని ఊరిలో మొదటి దినమున తమ భాషలో నొక్క మాట పలికినవానిని జనులు ఆదరముతో చూతురు.

విద్యార్థులారా! పోలిక చూచి మాటను పట్టుకొనుడు. వాడుక చూచి దానిని నమ్ముడు. మొదటి పరీక్షలో కన్నీరు పెట్టుకొన్న ఆ బాలుడు మఱుసటి యేడు అదే వాక్యమును తప్పులేక వ్రాసెను. వ్రాసి మాయొద్దకు వచ్చి చేతులు జోడించి 'మెర్సీ, మొస్యో' అనెను. ఆ మాటను అరసున్న లేకుండ పలికినందులకును మేము సంతసించితిమి. ఏలయన అందు అరసున్న లేదు!