ఒక బొమ్మ – పలువురు చూపరులు

మన బచ్చన్నపేటకు సమీపముననున్న చేర్యాలలో నకాశీ చిత్రకారులు వ్రాయు పటములను మీలో అనేకు లెరుగుదురు. కథకుడు పటమును విప్పి కథ చెప్పుచుండగా ఊరివారు చుట్టు కూర్చుండి చూతురు. ఎదుట కూర్చున్నవానికిని, ప్రక్కన నిలిచినవానికిని అందలి గుఱ్ఱము ఒకే చోట కనబడును. లోతుతో కనబడు బొమ్మ యట్టిది గాదు. నేడు వర్చువల్ రియాలిటీ యని పిలువబడు ఈ దృశ్యము స్వభావముచేతనే ఒక్కని బొమ్మ.

ఒకసారి మేము ఫోనును అమర్చి చూచెడి అట్టపెట్టె నొకదానిని తరగతిలో చేతినుండి చేతికి పంపితిమి. మొదటి బల్లవారు ముమ్మారు చూచిరి. కడపటి బల్లకు చేరులోపల గంట మ్రోగెను. ఆ తప్పు పెట్టెది గాదు, మాది. ఒకని కొఱకైన బొమ్మను పలువురు పంచుకొనుట యెట్లను ప్రశ్న నాటినుండి మమ్ము విడువలేదు.

మొదట నొక చిన్న పరీక్ష చేయుడు. బొటనవ్రేలిని ముఖమున కెదురుగ నిలిపి, కన్నులను మార్చి మార్చి మూయుచు చూడుడు. వెనుకనున్న గోడమీద వ్రేలు అటునిటు జరిగినట్లు తోచును. మన కన్నుల నడుమ సుమారు ఆరు సెంటీమీటర్ల యెడముండుటచే ఒక్కొక్క కన్ను వస్తువును వేఱువేఱుగ చూచును. మెదడు ఆ రెండు చూపులను కలిపి లోతును గ్రహించును. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు బొమ్మలను రెండు అద్దములద్వారా రెండు కన్నులకు చూపి, బల్లపరుపు గీతలలో లోతును పుట్టించెను. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకములుగల చిన్న పెట్టెను వర్ణించెను. స్టీరియోస్కోపు అను ఈ సాధనములన్నియు ఒక్కొక్కరే చూడదగినవి.

పంచుకొనుటకు మొదటి మార్గము, ఎవరి కిటికీ వారి కిచ్చుట. 1880లో జర్మనుడగు ఆగస్టు ఫూర్మన్ బ్రెస్లౌ పట్టణమున గుండ్రని కొయ్యకట్టడము నొకదానిని నెలకొల్పెను. దాని చుట్టు ఇరువదియైదుగురు కూర్చుండి తమతమ కటకముల జంటలోనికి చూతురు. లోపల బొమ్మలు తిరుగుచు ఒకరి యెదుటినుండి మరియొకరి యెదుటికి జరుగును. అందరికి సమానముగ అందెను గాని, ఒకే క్షణమున ఇరుగుపొరుగువారు చూచునది ఒకే బొమ్మ గాదు.

రెండవ మార్గము, ఒకే బొమ్మల జంటను తెరమీద అందరికి చూపుట. 1984లో వెలువడిన భారతదేశపు మొదటి త్రీడీ చిత్రము, మలయాళమున తీయబడిన ‘మై డియర్ కుట్టిచాత్తన్’, ఇట్లే ప్రత్యేకమైన కండ్లజోళ్లతో చూడబడినది. ఇందొక చిక్కు కలదు. మీరు తెరకు ఎనిమిది అడుగుల దూరమున నున్నారనుకొనుడు. తెరకును మీకును సరిగా నడుమ, నాలుగడుగుల దూరమున, ఒక మామిడిపండు వ్రేలాడుచున్నట్లు కనబడుచున్నది. మీరు నాలుగడుగులు కుడికి జరిగినచో పండును రెండడుగులు కుడికి జరిగినట్లు తోచును. నిజమైన పండు అట్లు చూపరిని వెంబడింపదు. కావున ఇద్దరు వేఱువేఱు చోట్ల నిలిచిన యెడల వారికి రెండు చోట్ల రెండు పండ్లున్నట్లే. ఒకడు చేయి చాచి “ఇదిగో” యని చూపగా, రెండవవానికి ఆ వ్రేలు వట్టిగాలిని తాకినట్లగపడును. కథ చూచుటకు ఇది గొప్ప లోపము గాదు. గుండెలోని కవాటమును గూర్చి కలిసి చర్చించువారికి గొప్ప లోపమే.

1992లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు ‘కేవ్’ అను గదిని ప్రదర్శించిరి. గోడలే తెరలుగా నున్న ఆ గదిలో పలువురు కలిసి నిలువవచ్చును. కంప్యూటరు ఒక చూపరి తల యెక్కడనున్నదో కనిపెట్టి అతనికి తగినట్లు బొమ్మను క్షణక్షణము మార్చును. అతడు సరిగా చూచును. తక్కినవారికి అతని తల కదలినప్పుడెల్ల దృశ్యము ఒరుగును. 1997లో స్టాన్‌ఫర్డునందు మనీష్ అగ్రవాలయు అతని సహచరులును ఇద్దరికి తగిన ఉపాయము చూపిరి. తెరమీద నాలుగు బొమ్మలు వంతులవారిగ వచ్చును. రెప్పలవలె మూసి తెరచు కండ్లజోళ్లు ఒక్కొక్క కంటికి దాని బొమ్మనే చేరనిచ్చును. ఇప్పుడు ఇద్దరును ఒకేచోట వ్రేలు పెట్టగలరు. అయితే ఒక్కొక్క కంటికి నాల్గవవంతు కాలమే దక్కుటచే వెలుతురు తగ్గును. 2011లో జర్మనీలోని వైమార్ విశ్వవిద్యాలయమువారు ఆరుగురికి పండ్రెండు బొమ్మల నిచ్చు తెరను నిర్మించిరి. చూపరులు పెరిగినకొలది బొమ్మలును, వ్యయమును పెరుగుచునే యున్నవి.

ఇట్టి యంత్రములు మన పాఠశాలకు అందునవి గావు. అట్టపెట్టె అందును. కావున మేము పద్ధతి మార్చితిమి. నలుగురి కొక జట్టు. ఒక్కొక్కరికి ఒక నిమిషము. చూచువాడు తాను చూచినదానిని పలుకవలెను; వినువారు దానిని గీయవలెను. పిమ్మట తామును చూచి తమ గీతలను సరిదిద్దుకొందురు. మొదటి వంతు కడపటి బల్లది. చూడని మూడు నిమిషములును వ్యర్థముగాక, వినుటయు గీయుటయు పాఠమే యగుచున్నది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ “నాకు లోతు కనబడలేదు” అనినయెడల గద్దింపకుడు. మెల్లకన్ను గలవారికిని, ఒక కంటి చూపు మందగించినవారికిని ఈ బొమ్మలలో లోతు తోపకపోవచ్చును. అట్టి పిల్లలను కంటివైద్యునికి చూపించుడు. చిన్ననాటనే కనుగొన్నచో చికిత్స మేలుచేయును.

ప్రియ విద్యార్థులారా, ఒకడు నిలిచిన చోటు మరియొకనికి సరిపడదని ఈ శాస్త్రము నేర్పుచున్నది. పొరుగువాడు వేఱుగ చూచినప్పుడు అతడు తప్పనుటకు ముందు, అతడెచ్చట నిలిచియున్నాడో విచారింపుడు. వీలైన యెడల మీ చోటును అతనికిచ్చి చూడనిండు.