పులస పిల్ల బతికితేనే వల అప్పు తీరుతుంది

గోదావరి జిల్లాలవారికి ప్రాణప్రదమైన పులస, గుజరాత్‌లోని నర్మదా, తాపీ నదులకూ చిరపరిచితమైన చేపయే. సముద్రంలో పెరిగి, వర్షాకాలపు కొత్తనీటికి ఎదురీది, మంచినీటిలో గ్రుడ్లు పెట్టడం దీని స్వభావం.

తల్లిచేప తన పరిమాణాన్ని బట్టి లక్ష మొదలు 20 లక్షల వరకు గ్రుడ్లు పెట్టగలదు. అనుకూలమైన నీటిలో సుమారు ఒక్కరోజులో పిల్లలు వెలువడతాయి. అవి ఐదారు నెలలు నదిలోనే ఉండి, 12 నుండి 15 సెంటీమీటర్ల వరకు పెరిగి సముద్రం చేరుతాయి. ఈ కొద్దినెలలే వాటికి గండం.

మొదటి గండం అడ్డుకట్టలు. తాపీపై 1950వ దశకంలో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం, 1995లో సూరత్ వద్దనే సింగన్‌పూర్ ఆనకట్ట ఏర్పడ్డాయి. సింగన్‌పూర్ దిగువన సముద్రపు పోటునీరు చేరుతుంది. మంచినీరు ఎగువన ఉంది. వరద కట్టపై పొర్లినప్పుడు తప్ప తల్లిచేపకు దారి లేదు. గోదావరిపై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి పులసకు ఇదే అవస్థ. ఈ కట్టలే లేకుంటే సాగునీరు, తాగునీరు లేవన్నదీ విస్మరించరాదు.

రెండవ గండం చిన్నకన్ను వల. ఇది మాత్రం మన చేతిలోనిది. సముద్రానికి మరలే పిల్లలను పట్టితే కిలో తూగడానికి పాతికయినా కావాలి. అవే పెరిగి తిరిగివస్తే ఒక్కొక్కటే కిలోకు చేరువగా తూగుతుంది. పిల్లను అమ్మినవాడు రానున్న ఏళ్ల రాబడిని ఈనాడే కారుచౌకగా అమ్ముకొన్నట్లే.

బంగ్లాదేశ్ అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడ నవంబరు నుండి జూన్ వరకు 25 సెంటీమీటర్లలోపు పులస పిల్లలను పట్టడాన్ని నిషేధించారు. గ్రుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట నిలిపి, మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇచ్చారు. 2002-03లో 2 లక్షల టన్నులకు లోపే ఉన్న దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. ఆకలి తీర్చే ఏర్పాటు లేని నిషేధం నిలువదన్న విషయం గమనార్హం.

కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని 2018-19లో మత్స్యకారులకూ విస్తరించారు. వేట లేని రోజులను ముందే లెక్కించి వాయిదాలు కోరండి. వల కొనే ముందు దాని కన్ను కొలత చూడండి. వలల వ్యాపారులు సైతం చిన్నకన్ను వలల అమ్మకం తగ్గించడం శ్రేయస్కరం. నదిలో చేప నశిస్తే, వల కొనేవాడూ ఉండడు, అప్పు తీర్చేవాడూ ఉండడు.